అరబ్బుల ఉమ్మడి సైనిక నాయకత్వం: ఒక చారిత్రక పరిశీలన

అరబ్బీ భాషలో సైన్యపు ప్రధాన కార్యాలయాన్ని "హైఅతుల్ అర్కాన్" అంటారు. "అర్కాన్" అనే మాట మన పాఠకులకు కొత్తది కాదు. "అర్కానె ఇస్లాం" అని మక్తబులో చిన్ననాడే వల్లించాము. స్తంభం అనే అర్థమిచ్చే "రుక్న్"కు అది బహువచనం. ఇల్లు స్తంభాలపై నిలిచినట్లు సైన్యం ఈ కార్యాలయంపై నిలుస్తుందని దాని భావం. తెలుగులో "స్టాఫ్" అనగానే మనకు గుమాస్తాలో, బడిపంతుళ్ళో గుర్తుకు వస్తారు. ఆధునిక అరబ్బు చరిత్రకు సంబంధించిన రచనలను అనువదించేటప్పుడు నేను ఈ ఒక్క మాట దగ్గర ఎన్నో పర్యాయాలు ఆగిపోయాను. తగిన మాట దొరకకపోవటం అనువాదకుని ఇబ్బంది మాత్రమే. ఆ మాట సూచించే వ్యవస్థే లేకపోతే దాని మూల్యం దేశాలు చెల్లించవలసి వస్తుంది. బైతుల్ మఖ్దిస్ 1967 జూన్ 7న చేజారటానికి గల కారణాలను పరిశీలించేవారు ఈ విషయాన్ని దాటిపోవటానికి వీలులేదు.

ఆ పరాజయాన్ని గురించి మనలో రెండు రకాల వివరణలు ప్రచారంలో ఉన్నాయి. అగ్రరాజ్యాల కుట్ర అనేది ఒకటి. ఫలానా రాజు ద్రోహం, ఫలానా సేనాని చేతగానితనం అనేది రెండవది. ఈ రెండింటిలోనూ కొంత వాస్తవం ఉండవచ్చు. అయితే ఈ రెండూ మనల్ని ఆలోచించే శ్రమ నుండి తప్పిస్తాయి. అనేక దేశాల సైన్యాలు ఒకే నాయకత్వం క్రింద పోరాడాలంటే ఆ నాయకత్వం ఎట్లా తయారు కావాలి? అరబ్బు దేశాలు దాన్ని ఎట్లా తయారు చేసుకున్నాయి? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఉమ్మడి స్టాఫ్ చేసే పని ఏమిటి?

కూటమిలోని సైన్యాలకు ఒక సర్వసేనానిని నియమించటం తేలిక. ఒక కాగితం, ఒక సంతకం చాలు. ఆ సేనాని చేతికి కళ్ళూ చెవులూ ఇచ్చేది ఉమ్మడి స్టాఫ్. ఏ దేశపు దళం ఎక్కడ ఉన్నది, దానికి ఎన్ని రోజుల మందుగుండు ఉన్నది, ఏ రహదారిన అది ఎన్ని గంటల్లో చేరుకోగలదు, ఒక దేశపు రాడారు చూసినదాన్ని మరొక దేశపు విమానస్థావరానికి ఏ సంకేత భాషలో తెలపాలి మొదలైన విషయాలను అది శాంతికాలంలోనే తేల్చుకొని ఉంచాలి. ఇందులో వీరత్వం కనిపించదు. పటాలు, పట్టికలు, టెలిఫోను తీగలు, వారం వారం జరిగే సమావేశాలు మాత్రమే కనిపిస్తాయి. కాని యుద్ధం మొదలైన రోజున సేనాని ఇచ్చే ఆజ్ఞకు ప్రాణం పోసేవి ఇవే.

రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటన్, అమెరికాలు 1942 ఆరంభంలో వాషింగ్టన్‌లో సంయుక్త సేనాధిపతుల మండలిని నెలకొల్పాయి. ఆ రెండు దేశాల మధ్య అభిప్రాయ భేదాలు లేవనుకోవటం పొరపాటు. ఐరోపాలో ఎప్పుడు, ఎక్కడ దిగాలనే విషయంపై 1942లోను, 1943లోను వారు తీవ్రంగా వాదించుకున్నారు. అయితే ఆ వాదనలన్నీ ఒకే గదిలో, ఒకే పటం ముందు, ఒకే సమాచారం ఆధారంగా జరిగాయి. అక్కడ బ్రిటన్ ప్రతినిధిగా పనిచేసిన ఫీల్డ్ మార్షల్ జాన్ డిల్ 1944 నవంబరులో మరణించినప్పుడు అమెరికన్లు ఆయనను తమ ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో ఖననం చేశారు. పరాయి దేశపు సేనాని అక్కడివారి విశ్వాసాన్ని ఎంతగా చూరగొన్నాడో ఇది తెలుపుతున్నది.

ఇస్లాం తొలి యుగం నుండి కూడా ఒక దృష్టాంతాన్ని ఇక్కడ గుర్తుచేసుకోవచ్చు. హిజ్రీ 8వ సంవత్సరంలో జరిగిన జాతుస్సలాసిల్ దండయాత్రకు దైవప్రవక్త (సఅసం) హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి)ను నాయకునిగా పంపారు. ఆయన అదనపు బలం కోరగా హజ్రత్ అబూ ఉబైదా (రజి) నాయకత్వంలో మరొక దళాన్ని పంపారు. హజ్రత్ అబూబకర్, హజ్రత్ ఉమర్ (రజి) వంటి పెద్దలు అందులో ఉన్నారు. రెండు దళాలు కలిసిన తరువాత నాయకులు ఎవరనే ప్రశ్న వచ్చింది. పరస్పరం విభేదించవద్దని బయలుదేరేటప్పుడు ప్రవక్త (సఅసం) చేసిన హితవును తలచుకొని అబూ ఉబైదా నాయకత్వాన్ని అమ్ర్‌కు వదిలివేశారు. ఇస్లాం స్వీకారంలోను, సేవలోను అబూ ఉబైదాయే ముందున్నవారు. అయినా ఆ నేలను, అక్కడి తెగలను ఎరిగినవారు అమ్ర్. వ్యక్తి గౌరవం కంటె పని ముఖ్యమని భావించటమే ఈ సంఘటనలోని సారాంశం. ఇరవయ్యవ శతాబ్దపు అరబ్బు ప్రభుత్వాలకు కష్టమైనది ఇదే.

1948: పేరుకు మాత్రమే సర్వసేనాని

1945 మార్చి 22న కైరోలో అరబ్ లీగ్ ఏర్పడింది. మూడు సంవత్సరాలు గడిచీ గడవకముందే దానికి పాలస్తీనా పరీక్ష ఎదురైంది. 1948 మే 15న ఈజిప్టు, ట్రాన్స్‌జోర్డాన్, సిరియా, ఇరాఖ్ మొదలైన దేశాల సైన్యాలు పాలస్తీనాలో ప్రవేశించాయి. ట్రాన్స్‌జోర్డాన్ రాజు అబ్దుల్లా సర్వసేనానిగా ప్రకటించబడ్డారు. ఇరాఖ్ సేనాని నూరుద్దీన్ మహమూద్ ఆ బాధ్యతలో ఆయనకు సహాయకుడు.

కాని ఈజిప్టు సైన్యం ఎక్కడ ఏమి చేస్తున్నదో తెలుసుకొనే అధికారం కూడా ఆచరణలో ఈ సర్వసేనానికి లేకపోయింది. యుద్ధంలో దిగాలని ఈజిప్టు నిర్ణయించుకున్నదే చివరి రోజుల్లో. మిగిలిన దేశాలతో కలిసి వేసిన ప్రణాళిక కూడా ఆఖరి నిమిషంలో మారిపోయింది. అబ్దుల్లా ఉద్దేశాలపై ఈజిప్టు, సిరియాలకు అనుమానం. వారి ఉద్దేశాలపై ఆయనకు అనుమానం. ఆయన సైన్యానికి అధిపతి గ్లబ్ అనే బ్రిటిష్ అధికారి కావటం అనుమానాలను మరింత పెంచింది. అక్టోబరులో ఇస్రాయీల్ తన బలాన్ని ఈజిప్టు వైపు మళ్ళించినప్పుడు ఇతర రంగాల నుండి చెప్పుకోదగిన సహాయం రాలేదు. ఫలూజా గ్రామం వద్ద ఈజిప్టు దళమొకటి నెలల తరబడి శత్రువుల ముట్టడిలో చిక్కుకొని ఉండిపోయింది. ఆ ముట్టడిలో ఉన్న అధికారుల్లో జమాల్ అబ్దున్నాసిర్ ఒకరు. పొరుగు సైన్యం సహాయానికి రాకపోవటం అంటే ఏమిటో ఆయన స్వయంగా అనుభవించారు.

1949లో ఒక్కొక్క దేశం విడివిడిగా యుద్ధవిరమణ ఒడంబడిక చేసుకున్నది. ఫిబ్రవరిలో ఈజిప్టు, మార్చిలో లెబనాన్, ఏప్రిల్‌లో జోర్డాన్, జులైలో సిరియా సంతకాలు చేశాయి. విడివిడిగా పోరాడినవారు విడివిడిగానే ఆగారు.

1950: కాగితంపై పూర్తి అయిన భవనం

ఈ అనుభవం నుండి పుట్టినదే ఉమ్మడి రక్షణ, ఆర్థిక సహకార ఒడంబడిక. 1950 జూన్ 17న కొన్ని దేశాలు దానిపై సంతకం చేశాయి. ఇరాఖ్ 1951లో, జోర్డాన్ 1952లో చేరాయి. అంతకు ఒక సంవత్సరం ముందు, 1949 ఏప్రిల్ 4న, పాశ్చాత్య దేశాలు తమ నాటో ఒడంబడిక చేసుకున్నాయి. రెండింటి మూలసూత్రం ఒకటే. ఒకరిపై దాడి జరిగితే అందరిపై జరిగినట్లు.

అరబ్బు ఒడంబడిక పత్రం చదివితే దానిలో లోపం వెదకటం కష్టం. విదేశాంగ, రక్షణ మంత్రులతో కూడిన ఉమ్మడి రక్షణ మండలి ఒకటి ఉన్నది. మూడింట రెండు వంతుల ఆధిక్యతతో అది చేసే తీర్మానం అందరికీ శిరోధార్యం. సైన్యాల స్టాఫ్ ప్రతినిధులతో శాశ్వత సైనిక సంఘం ఉన్నది. రంగంలో ఎవరి బలగం ఎక్కువగా ఉంటే సర్వసేనాని పదవి ఆ దేశానిది. వేరొకరిని ఎన్నుకోవాలంటే అందరి ఏకాభిప్రాయం కావాలి. సర్వసేనానికి తోడ్పడటానికి ఉమ్మడి స్టాఫ్ ఉండాలని కూడా అందులో వ్రాయబడింది. కాని నాటో దేశాలు 1951లోనే ఐసెన్‌హోవర్ నాయకత్వంలో ఐరోపాలో శాంతికాలపు ప్రధాన కార్యాలయాన్ని తెరిచి, అధికారులను అక్కడ కూర్చోబెట్టాయి. అరబ్బు ఒడంబడికలో పేర్కొన్న భవనం మాత్రం చాలాకాలం కాగితంపైనే ఉండిపోయింది. 1956 అక్టోబరులో ఈజిప్టు, సిరియా, జోర్డాన్‌లు అబ్దుల్ హకీం ఆమిర్ క్రింద ఉమ్మడి నాయకత్వాన్ని ప్రకటించాయి. వారం తిరగకముందే సూయజ్ యుద్ధం వచ్చిపడింది. ఆ ప్రకటన ఆచరణలోకి వచ్చేందుకు వ్యవధే దొరకలేదు.

1964: మూడు సంవత్సరాల అవకాశం

జోర్డాన్ నది నీటిని ఇస్రాయీల్ మళ్ళించుకుంటున్న సమస్యపై 1964 జనవరిలో కైరోలో మొదటి అరబ్బు శిఖరాగ్ర సమావేశం జరిగింది. నదికి నీరిచ్చే ఉపనదులను అరబ్బు భూభాగంలోనే మళ్ళించాలని, ఆ పనులకు రక్షణగా ఐక్య అరబ్బు సైనిక నాయకత్వాన్ని నెలకొల్పాలని అక్కడ తీర్మానించారు. 1950 నాటి పత్రంలోని మాట "ముష్తరక్", అంటే ఉమ్మడి. 1964లో వచ్చిన మాట "మువహ్హద", అంటే ఏకీకృతం. మాట ఒక మెట్టు పైకెక్కింది. ఈజిప్టు సేనాని అలీ అలీ ఆమిర్ సర్వసేనానిగా, మరొక ఈజిప్టు అధికారి అబ్దుల్ మునయిమ్ రియాద్ చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా నియమితులయ్యారు.

ఈ నాయకత్వానికి మూడు సంవత్సరాల వ్యవధి లభించింది. చేయవలసిన పని ఏమిటో అందులోని అధికారులకు తెలుసు. జోర్డాన్ సరిహద్దు పొడవైనది, దాని సైన్యం చిన్నది. కాబట్టి ఇరాఖ్, సౌదీ దళాలు ముందుగానే అక్కడకు చేరుకోవాలి. కాని పొరుగు సైన్యం తమ గడ్డపై అడుగుపెడితే సింహాసనానికే ముప్పు వస్తుందని జోర్డాన్ భయపడింది. లెబనాన్ భయం కూడా అదే. ఈ భయాలు నిరాధారమైనవి కావు. 1958లో ఇరాఖ్ రాజవంశం ఎట్లా కూలిపోయిందో అందరూ చూశారు. అదీగాక 1962 నుండి యమన్ అంతర్యుద్ధంలో ఈజిప్టు సైన్యం ఒక పక్షాన, సౌదీ ధనం, ఆయుధాలు మరొక పక్షాన ఉన్నాయి. ఒకచోట శత్రువులుగా ఉన్నవారు మరొకచోట ఒకే సేనాని క్రింద ఎట్లా నిలబడతారు?

1965, 1966 సంవత్సరాల్లో సిరియాలోని మళ్ళింపు పనులపై ఇస్రాయీల్ దాడులు చేసింది. వాటిని కాపాడటం ఐక్య నాయకత్వానికి సాధ్యం కాలేదు. 1966 నవంబరు 13న ఖలీల్ జిల్లాలోని సమూ గ్రామంపై ఇస్రాయీల్ సైన్యం ట్యాంకులతో విరుచుకుపడినప్పుడు జోర్డాన్ ఒంటరిగానే ఎదుర్కొన్నది. ఆ తరువాత రేడియోల్లో అరబ్బు ప్రభుత్వాలు ఒకరినొకరు నిందించుకున్నంతగా శత్రువును కూడా నిందించలేదంటే అతిశయోక్తి కాదు. ఐక్య నాయకత్వం అనే పేరు మాత్రం మిగిలింది.

1967: అయిదు రోజుల సేనాని

1967 మే నెలలో పరిస్థితి వేగంగా విషమించింది. మే 30న జోర్డాన్ రాజు హుస్సేన్ తానే విమానం నడుపుకొని కైరో చేరుకున్నారు. ఈజిప్టు, సిరియాల మధ్య అంతకు ముందు నవంబరులో కుదిరిన ఒడంబడిక పత్రాన్నే తీసుకొని, సిరియా పేరున్న చోట జోర్డాన్ పేరు వ్రాస్తే చాలునని అన్నట్లు ఆయన తరువాత స్వయంగా పేర్కొన్నారు. ఒక మధ్యాహ్నంలో ఒప్పందం ముగిసింది. జోర్డాన్ సైన్యం అబ్దుల్ మునయిమ్ రియాద్ నాయకత్వం క్రిందికి వచ్చింది.

రియాద్ జూన్ 1న కొద్దిమంది అధికారులతో అమ్మాన్‌లో దిగారు. ఆయన సమర్థుడు, చదువుకున్నవాడు. ఐక్య నాయకత్వంలో చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా ఈ రంగాన్ని గురించి ఆలోచించినవాడు. కాని ఇప్పుడు ఆయన చేతికి వచ్చిన సైన్యపు అధికారులతో ఆయనకు పరిచయం లేదు. రెండు ఈజిప్టు కమాండో దళాలు జూన్ 3న వచ్చాయి. ఇరాఖ్ దళాలు ఇంకా దారిలోనే ఉన్నాయి. నాలుగు రోజులు గడిచాయి. అయిదవ రోజున యుద్ధం వచ్చింది.

జూన్ 5 ఉదయం ఇస్రాయీల్ విమానాలు ఈజిప్టు వైపు పోతుండగా జోర్డాన్‌లోని అజ్లూన్ కొండమీది రాడారు వాటిని పసిగట్టింది. వెంటనే కైరోకు సంకేతం పంపబడింది. కాని సంకేత విధానం క్రిందటి రోజునే మార్చబడి ఉండటం వల్ల అక్కడ దాన్ని చదివినవారు లేరు. ఉమ్మడి స్టాఫ్ సక్రమంగా ఉంటే ఇటువంటి పొరపాటును సరిదిద్దటం ఒక గుమాస్తా చేయగల పని. ఆ గుమాస్తా లేనందువల్ల ఒక వైమానిక దళానికే హెచ్చరిక అందకుండా పోయింది. ఈజిప్టు విమానాలు సుమారు 300 ఆ ఒక్క రోజున ధ్వంసమయ్యాయి. వాటిలో అత్యధిక భాగం నేలపైనే కాలిపోయాయి.

ఇంతకంటె విషాదకరమైనది మరొకటి ఉన్నది. అదే ఉదయం ఫీల్డ్ మార్షల్ ఆమిర్ నుండి రియాద్‌కు ఒక వార్త అందింది. శత్రువు విమానాల్లో 75 శాతం కూలిపోయాయని, ఈజిప్టు ఎదురుదాడి సాగుతున్నదని, జోర్డాన్ రంగాన్ని తెరవాలని అందులో ఉన్నది. రియాద్ తన అధినేత మాటను నమ్మారు. ఈజిప్టు సైన్యం బీర్ షబా వైపు వస్తుందని, ఉత్తరాన సిరియా సైన్యం దిగుతుందని భావించి, జెరికో ప్రాంతంలోని కవచ దళాన్ని ఖలీల్ వైపు, ఉత్తరాన ఉన్న మరొక కవచ దళాన్ని జెరికో వైపు కదిలించారు. దక్షిణం నుండి ఈజిప్టు రాలేదు. ఉత్తరం నుండి సిరియా రాలేదు. ఇస్రాయీల్ మాత్రం ఉత్తరం నుండే వచ్చింది. కదిలిన దళాలు తిరిగి వెనక్కు రావలసి వచ్చింది. పగటి పూట, రక్షణ విమానం ఒక్కటైనా లేకుండా, కొండదారుల వెంట పోతున్న ఆ ట్యాంకులపై ఆకాశం నుండి అగ్ని కురిసింది.

జూన్ 6న రియాద్ రాజు ముందు వాస్తవాన్ని ఉంచారు. వెంటనే కాల్పుల విరమణ లభించాలి, లేదా ఆ రాత్రికే పశ్చిమ తీరాన్ని విడిచిపెట్టాలి. వెనుదిరగమని ఆజ్ఞ వెలువడింది, మళ్ళీ రద్దయింది. జూన్ 7న మస్జిదె అఖ్సా ఉన్న పాత నగరం శత్రువుల వశమైంది.

దీనికి బాధ్యులు ఎవరు? రియాద్ ఇచ్చిన ఆజ్ఞలు నష్టం కలిగించాయన్నది నిజం. ఆయన కంటె జోర్డాన్ అధికారులకే ఆ నేల బాగా తెలుసన్నదీ నిజం. కాని అబద్ధపు సమాచారంపై ఎంతటి సేనాని అయినా మంచి ఆజ్ఞ ఎట్లా ఇవ్వగలడు? ఆయనకు అధికారం ఇచ్చారు, సమాచారం ఇవ్వలేదు. సైన్యాన్ని ఇచ్చారు, కాలం ఇవ్వలేదు. మూడు సంవత్సరాలు చేతిలో ఉన్నప్పుడు వృథా చేసిన పనిని అయిదు రోజుల్లో చేయమన్నారు. ఆ మూడు సంవత్సరాల పాపాన్ని ఒక్క మనిషి మెడకు చుట్టటం న్యాయం కాదు.

రియాద్ కథ అక్కడితో ముగియలేదు. జూన్ 11న ఆయన ఈజిప్టు సైన్యానికి చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా నియమితులయ్యారు. విరిగిపోయిన సైన్యాన్ని తిరిగి నిలబెట్టే పనిలో మునిగిపోయారు. 1969 మార్చి 9న ఇస్మాయిలియా దగ్గర సూయజ్ కాలువ ముందు వరుసలో సైనికుల మధ్య ఉండగా ఇస్రాయీల్ ఫిరంగి దెబ్బకు మరణించారు. మార్చి 9ని ఈజిప్టు అమరవీరుల దినంగా జరుపుకుంటున్నది. కార్యాలయంలో కూర్చోవలసిన చీఫ్ ఆఫ్ స్టాఫ్ కందకం దాకా ఎందుకు వెళ్ళాడని అడిగేవారున్నారు. తన కంటితో చూడనిదాన్ని నమ్మి ఒకసారి మోసపోయిన మనిషి తరువాత స్వయంగా చూడాలనుకోవటంలో ఆశ్చర్యం లేదని నాకు అనిపిస్తుంది.

1973: సగం నేర్చుకున్న పాఠం

1973 నాటికి ఈజిప్టు, సిరియాలు చాలా నేర్చుకున్నాయి. ఆ సంవత్సరం జనవరిలో ఈజిప్టు యుద్ధమంత్రి అహ్మద్ ఇస్మాయిల్ అలీ రెండు రంగాలకూ సర్వసేనాని అయ్యారు. మేజర్ జనరల్ నౌఫల్ క్రింద ఒక చిన్న ఉమ్మడి స్టాఫ్ నెలల తరబడి నిశ్శబ్దంగా పనిచేసింది. ఆగస్టులో సిరియా సేనాధిపతులు మామూలు దుస్తుల్లో, సముద్ర మార్గాన అలెగ్జాండ్రియా చేరుకొని ఈజిప్టు సేనాధిపతులతో సమావేశమయ్యారు.

వారి మధ్య వచ్చిన ఒక చిక్కు ఉమ్మడి స్టాఫ్ విలువను చక్కగా తెలుపుతుంది. సిరియా దాడి తూర్పు నుండి పడమరకు సాగాలి. తెల్లవారుజామున మొదలుపెడితే సూర్యుడు శత్రువు కళ్ళలో పడతాడు. ఈజిప్టు దాడి పడమర నుండి తూర్పుకు. సాయంకాలమైతేనే సూర్యుడు వారికి అనుకూలం. పైగా కాలువపై వంతెనలు వేయటానికి రాత్రి చీకటి కావాలి. అక్టోబరు 3న అహ్మద్ ఇస్మాయిల్ డమాస్కస్ వెళ్ళి చర్చించారు. చివరకు మధ్యాహ్నం 2 గంటలకు ఇద్దరూ అంగీకరించారు. ఎవరికీ పూర్తిగా నచ్చని సమయం అది. అయినా 1973 అక్టోబరు 6న, అంటే హిజ్రీ 1393 రమజాన్ 10న, రెండు సైన్యాలు ఒకేసారి కదిలాయి. ఇస్రాయీల్ నివ్వెరపోయింది. కాలువ దాటటం సాధ్యమైంది. పాతిక సంవత్సరాల్లో అరబ్బులు నిజంగా కలిసి చేసిన మొదటి పని ఇదే అనవచ్చు.

కాని ఆ ఐక్యత మొదటి ఘడియకే పరిమితమైంది. ఈజిప్టు సైన్యం సీనాయి కనుమల దాకా సాగిపోతుందని సిరియా నమ్మింది. కాలువకు ఆవల 10 నుండి 15 కిలోమీటర్ల దాకా, తమ క్షిపణుల నీడలో, ఆగిపోవాలన్నదే ఈజిప్టు అసలు ఉద్దేశం. సిరియన్లకు చూపిన ప్రణాళిక వేరు, ఆచరించిన ప్రణాళిక వేరు అని ఆనాటి ఈజిప్టు చీఫ్ ఆఫ్ స్టాఫ్ సాదుద్దీన్ షాజిలీ తన స్మృతులలో వ్రాశారు. ఈజిప్టు ఆగిన రోజుల్లో ఇస్రాయీల్ తన బలాన్ని జౌలాన్ వైపు మళ్ళించి సిరియన్లను వెనక్కు నెట్టింది. సిరియాపై ఒత్తిడి తగ్గించేందుకు అక్టోబరు 14న ఈజిప్టు చేసిన దాడి, క్షిపణుల నీడ దాటటం వల్ల సుమారు 250 ట్యాంకుల నష్టంతో విఫలమైంది. ముందుగా కబురు లేని ఇరాఖ్ సైన్యం వందల మైళ్ళ ఎడారి దాటి హడావుడిగా సిరియా చేరుకోవలసి వచ్చింది.

1967లో సేనాని మిత్రుని అబద్ధం వినవలసి వచ్చింది. 1973లో మిత్రునికి సగం నిజం చెప్పబడింది. మెరుగుదల ఉన్నది, కాని అది సరిపోలేదు.

గుణపాఠం

ఈ చరిత్ర నుండి మనం గ్రహించవలసినదేమిటి? ఉమ్మడి నాయకత్వం ఐక్యతకు కారణం కాదు, ఫలితం. శిఖరాగ్ర సమావేశంలో ఏకగ్రీవంగా తీర్మానించినంత మాత్రాన అది పుట్టదు. నా బలహీనతను నా మిత్రునికి చెప్పవచ్చు, అతడు దాన్ని నాపై ప్రయోగించడు అనే నమ్మకం నుండి అది పుడుతుంది. ఆ నమ్మకం లేని చోట ఒక్కొక్క దేశం తన సైన్యాన్ని శత్రువు నుండి దాచినట్లే మిత్రుని నుండి కూడా దాచుకుంటుంది. పరస్పర కలహం ధైర్యాన్ని, బలాన్ని హరిస్తుందని అన్ఫాల్ సూరా చేసే హెచ్చరికకు ఇంతకంటె చారిత్రక సాక్ష్యం అక్కరలేదు.

2015 మార్చిలో షరమ్ అల్ షేఖ్‌లో సమావేశమైన అరబ్బు దేశాలు ఉమ్మడి సైనిక బలగాన్ని ఏర్పాటు చేయాలని మరొకసారి సూత్రప్రాయంగా నిర్ణయించాయి. సైన్యాధ్యక్షులు ఏప్రిల్‌లో, మేలో కైరోలో కూర్చొని చర్చించారు. ఆగస్టులో జరగవలసిన సంతకాల సమావేశం వాయిదా పడింది. ఆ బలగం రూపుదాల్చలేదు.

ఇది సైన్యాలకు మాత్రమే చెందిన పాఠమని నేను అనుకోను. మన ఊళ్ళలో రెండు మస్జిదుల కమిటీలు కలిసి ఒక పాఠశాల నడపాలన్నా, నాలుగు సంస్థలు కలిసి వరద బాధితులకు సాయం చేయాలన్నా ఇదే ప్రశ్న ఎదురవుతుంది. అధ్యక్షుడు ఎవరని ముందు అడుగుతాము. లెక్కల పుస్తకం అందరికీ చూపుతామా అని అడగము. స్తంభాలు లేకుండా పైకప్పుకు పేరు పెట్టినంత మాత్రాన ఇల్లు నిలబడదు. "అర్కాన్" అనే మాటకు తెలుగులో సరియైన పదం నాకు ఇంకా దొరకలేదు. దాని అర్థం మాత్రం 1967 జూన్ నెల మనందరికీ నేర్పే ఉండాలి.